పలక పలికిన చోట

బ్లైనై ఫెస్టినియోగ్‌లో
వాన పడుతోందని ఎవరూ అనరు,
ఆగిందా అని మాత్రం అడుగుతారు.
ఊరి చుట్టూ ఉన్నవి కొండలు కావు,
నూటయాభై ఏళ్ళుగా పారబోసిన పలకముక్కల గుట్టలు.
తడిస్తే ఊదారంగులో మెరుస్తాయి.
ఎండితే ఎలా ఉంటాయో
నేనింకా చూడలేదు.

అక్కడి నుంచే వచ్చాడాయన, బాంగర్ ఆసుపత్రికి,
నా వార్డుకి.
నేను హెలెద్‌ని. ఊపిరితిత్తుల వైద్యంలో
రెండో ఏడు ట్రైనీని.
నా చదువంతా ఒక లాగ్‌బుక్కులో ఉంటుంది:
బ్రాంకోస్కోపీలు నలభై మూడు,
ఛాతీలోంచి నీరు తీసినవి పదహారు,
చావు కబురు చెప్పినవి...
వాటికి గడి లేదు.
"సంభాషణా నైపుణ్యం" కింద వేసుకోమన్నారు.

ఆ మంగళవారం అల్ట్రాసౌండ్ మెషీను రిపేరుకు పోయింది.
డాక్టర్ మోర్వెన్నా ఫోనులోనే అంది:
"సూది ముట్టుకోకు, మెషీను రానీ.
ఈలోగా వేళ్ళున్నాయిగా,
వాటితో వెతుకు."

ఇడ్వాల్ పారి. ఎనభై ఒకటి.
మంచం అంచున, మోకాళ్ళ మీద మోచేతులాన్చి
ఒక్కో మాటనీ అప్పు తెచ్చుకుని మాట్లాడే మనిషి.
వీపు మీద నా ఎడమ మధ్యవేలు పరిచి
కుడి మధ్యవేలితో కొట్టాను.
టక్. టక్.
పైనా కిందా ఒకటే చప్పుడు,
నా కంగారు చప్పుడు.

"తలుపు కొడుతున్నావా అమ్మాయ్?"
వెనక్కి తిరగకుండానే అన్నాడు.
"లోపల... ఎవరూ... లేరు."

తర్వాత నా చెయ్యి పట్టుకుని
మంచం పక్కనున్న బల్ల మీద పెట్టాడు.
"మోచేయి కాదు. మణికట్టు. వదులుగా.
కొట్టు, వెంటనే తీసెయ్.
అక్కడే ఉంచావో
నీ చెయ్యే నీకు వినబడుతుంది."

ముప్పై నాలుగేళ్ళు చీల్చాడట పలకలు.
ఉలి పెట్టేముందు ప్రతి బండనీ
ఒక్కసారి తట్టేవాడట.
మంచిదైతే పలుకుతుంది.
లోపల బీట ఉంటే
తడిసిన గోనెసంచిలా మూలుగుతుంది.
పలకనిదాన్ని చీల్చావంటే
ఆ రోజు కూలి పోయినట్టే.

ఆ షెడ్డులో లేచిన దుమ్మే
ఇప్పుడాయన తిత్తుల్లో ఉంది,
ఎక్స్‌రే మీద ఎవరో పిండి జల్లినట్టు.
మేం దానికి పొడుగాటి పేరు పెట్టుకున్నాం.
ఆయన "దుమ్ము" అంటాడంతే,
పెంచిన పిల్లిని పిలిచినట్టు.

మళ్ళీ కొట్టాను.
రెక్క ఎముక పక్కన: పలికింది.
రెండు వేళ్ళ కింద: పలికింది, కాస్త బొంగురుగా.
ఇంకొంచెం కిందికి...
చెవికన్నా ముందు వేలికి తెలిసింది.
అక్కడ ఊపిరి లేదు.
నీళ్ళు నిలిచి రాయయ్యాయి.

"అదే," అన్నాడు ఇడ్వాల్.
వీపూ ఆయనదే, చెవీ ఆయనదే.
పెన్నుతో అక్కడో గీత గీశాను.

నాలుగింటికి మెషీను వచ్చింది, మోర్వెన్నా వచ్చింది.
తెర మీద నల్లటి నీటి అంచు
నా గీతకి అర అంగుళం పైన.
"పైన," అన్నాను నేను, సిగ్గుపడుతూ.
"అర అంగుళమే," అందావిడ.

లీటరుంపావు తీశాం,
పాలు పోయని టీ రంగులో.
అప్పుడు ఇడ్వాల్ ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు,
మధ్యలో ఎక్కడా ఆగకుండా:
"టీ అంటే గుర్తొచ్చింది, పొద్దున అడిగిన కప్పు
ఇప్పటికైనా తేకపోతే మీ ఇద్దరి మీదా ఫిర్యాదు రాస్తాను."

రాత్రి లాగ్‌బుక్ తెరిచాను.
నేర్పినవారి పేరు: ఇడ్వాల్ పారి.
హోదా: పలకలు చీల్చేవాడు, రిటైర్డ్.
రిజిస్ట్రేషన్ నంబరు:
గడి ఎర్రబడింది.
గనిలో ఆయన బిళ్ళ నంబరు నాలుగు వందల పదిహేడు.
అదీ వేసి చూశాను. ఒప్పుకోలేదు.

శుక్రవారానికి మోర్వెన్నా తన నంబరుతో సంతకం చేసింది.
వ్యాఖ్యల గడిలో మాత్రం ఇలా రాసింది:
"ఈ పాఠం జరిగినప్పుడు నేను గదిలో లేను.
ఆయనకి సాయంత్రాలు ఖాళీయేనేమో కనుక్కో.
మొదటి ఏడు వాళ్ళు నలుగురున్నారు,
అందరూ తలుపులే కొడుతున్నారు."