పేజీకి అర దీనారు

గుదైబియా గల్లీలో
జిరాక్స్ మిషనుకీ చాయ్ ఫ్లాస్కుకీ మధ్య నా కుర్చీ.
పదకొండేళ్లుగా పక్కవాళ్ల కష్టాన్ని
ఇంగ్లీషులోకి కొడుతున్నాను.
పేజీకి అర దీనారు.
ఏడ్చి చెప్పినా అదే రేటు.

ఇంగ్లీషులో గొడవకి మెట్లుంటాయని
ఈ కుర్చీలోనే తెలిసింది.
జీతం మూడు నెలలు ఆగితే ఇష్యూ.
అడిగితే డిస్ప్యూట్.
నలుగురు కలిసి పని ఆపితే
ఆ మాట నేను కొట్టను.
స్ట్రైక్ అని ఈ కంప్యూటర్లో పడొద్దని
మా అర్బాబ్ మొదటి రోజే చెప్పాడు.
వారంగా టీవీలో అదే మాట
ఎర్ర పట్టీ మీద పరుగెడుతోంది.
మనుషులు చేస్తే తప్పు,
విమానాలు చేస్తే వార్త.

నేను నేర్చుకున్న మాటలకి
ఎవరో రాత్రికి రాత్రి యూనిఫాం తొడిగారు.
ఎంగేజ్‌మెంట్ అంటే మెట్‌పల్లిలో మా మేనకోడలు,
మెడలో దండ, ఫోటోగ్రాఫరు కేకలు.
ఇప్పుడు దానికి రూల్స్ ఉన్నాయట,
ఓడల మీద చదువుకుంటారట.
థియేటర్ అంటే నేల టికెట్టు, ఈలలు.
కొలేటరల్ అంటే బ్యాంకులో మా ఆవిడ పుస్తెలతాడు.
దాని పక్కన డ్యామేజ్ వచ్చి కూర్చుంది,
విడిపించుకోవడానికి ఏ కౌంటరుకి పోవాలో
రాసి లేదు.

యాంకరమ్మ గొంతు ఎంత మెత్తన!
టెన్షన్స్, అంటుంది.
టెన్షన్ మాకూ తెలుసు తల్లీ,
ఇంటర్ రిజల్ట్స్ నాటిది, వీసా స్టాంపింగ్ నాటిది.
దానికి ఇంత పొగ రాదు.

మొన్న పొద్దున్నే రాజేశం వచ్చాడు,
సల్మాబాద్ క్యాంపు నుంచి.
ఎడమ చెయ్యి మెడకి వేలాడుతోంది.
చెప్పుల్లో ఒకటి వేరేవాళ్లది.
"అన్నా, ఇన్సూరెన్సు కాయితం కొట్టాలె."
ఏమైంది?
"ఏమో. పండుకున్నం. రేకులు చీరుకుంట ఇనుము దిగింది.
మా పోశాలు మంచం..."
ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు చాలాసేపు.
"మా మీద అయితే ఎయ్యలేదట.
సూపర్వైజర్ చెప్పిండు."

నిజమే. టీవీ లెక్కన ఆ రాత్రంతా విజయమే.
ఇంటర్‌సెప్టెడ్.
ఆ మాటలో ఒక్క ముక్క కూడా కింద పడదు.
ముక్కలకి వేరే మాట ఉంది, డెబ్రీ.
రాతలో చివర ఎస్ ఉంటుంది, పలికితే ఉండదు.
ఇన్నాళ్లూ డెబ్రిస్ అనే అన్నాను నేను.
పోశాలు కూడా ఇప్పుడంతే,
రాతలో ఉంటాడు.

కంపెనీ ఫారం తెరిచాను.
ప్రమాదం రకం, ఒక గడి.
బాణం నొక్కితే జాబితా:
వాహనం, కరెంటు, వడదెబ్బ.
యుద్ధం లేదు.
వార్ అని నా చేత్తో కొట్టి చూశాను,
గడి ఎర్రబడి వెనక్కి పంపింది.
పాలసీ కాయితం వెనక మాత్రం
చీమ తలకాయంత అక్షరాల్లో
నిక్షేపంగా ఉంది వార్,
దానివల్ల పోయినోళ్లకి పైసా రాదని చెప్పడానికి.
వారంగా ఏ పెద్దమనిషి నోటా రాని మాట
అక్కడ దాక్కుంది.

రాజేశం నా వేలు చూస్తున్నాడు.
జాబితా అడుగున ఇంకోటి ఉంది,
పరంజి మీద నుంచి జారేవాళ్ల కోసం పెట్టింది:
ఫాల్ ఫ్రమ్ హైట్.
ఎవరు పడ్డారో అడగలేదు ఫారం,
ఏది పడిందో కూడా.
నొక్కాను.

"ఏం రాసినవన్నా?"
"పై నుంచి పడ్డదని."
"అబద్ధమేం గాదు" అన్నాడు కాసేపాగి.
ఒంటి చేత్తో జేబులు వెతికి
రెండు నోట్లు బల్ల మీద పెట్టాడు.
ఒకటి వెనక్కి తోశాను.
"అది పోశాలుది.
ఆనికి జర మంచి ఇంగ్లీషుల రాయి."