చిల్లిగవ్వ

మళ్లీ తలుపు ఊడబీకారు.
గుహ తలుపు. ఇనుప బందులతో సహా.
"దీనికెంతొస్తుంది?" అంటాడు మెర్వ్,
చచ్చిన గోబ్లిన్ ఒళ్లు ఇంకా చల్లబడకముందే.

గురువారం రాత్రి. బల్లరాట్‌లో జూలై చలి.
పాత ఫైర్ స్టేషన్ వెనక గది,
హీటర్‌లో మూడు గీతలకు ఒకటే ఎర్రబడుతుంది.
ఈ ఊరి కింద, బంగారమని
నూట డెబ్బై ఏళ్ల కిందట తవ్విపోసిన సొరంగాలు.
పైన మేం నలుగురం, ఓ పాచికల సంచి,
నేను పెన్సిల్‌తో గీసిన ఇంకో సొరంగం.

కథ నడిపేది నేను.
పగలు కౌన్సిల్ ఆఫీసులో జమాఖర్చులు సరిచూస్తాను.
కాబట్టి నా రాజ్యంలో డబ్బు ఇలా పొర్లిపోవడం
నాకు తలవంపులు.
ఆరు నెలల్లో వీళ్ల మూటలో చేరినవి:
పదకొండు తుప్పు కత్తులు, నలభై జతల చెప్పులు,
ఓ రాజుగారి పళ్లెం, ఆ రాజుగారి కట్టుడు పన్ను,
రెండువేల మూడొందల వరహాలు.
సత్రంలో పూటకూడు రెండు కాసులు.
ఇంక డ్రాగన్‌ని చంపాల్సిన ఖర్మ ఎవరికి?

మొదట బరువు లెక్క పెట్టాను.
మెర్వ్ గాడిదను కొన్నాడు.
గాడిదకు మేత లెక్క పెట్టాను.
థ్వీ గడ్డి మొలిపించే మంత్రం నేర్చుకుంది.
సుంకం గేటు పెట్టాను.
సుంకరిని కట్టేసి, అతని పెట్టె కూడా
గాడిద మీదికెక్కించారు.

ఓ రాత్రి అంట్లు తోముతుంటే వెలిగింది:
దోచేవాళ్లది కాదు తప్పు,
ఏం తెచ్చినా, ఎన్ని తెచ్చినా
గలగలా డబ్బు లెక్కపెట్టే సంతను కట్టినదాన్ని నేనే.

మరుసటి వారం ముళ్లపేటలో
కమ్మరి ఓబన్న కత్తులన్నీ తిప్పి చూశాడు.
"మంచి సరుకే. నా దగ్గర తొమ్మిది కాసులున్నాయి,
అందులో మూడు మా ఆవిడవి.
గాడిదకు లాడాలు కొట్టమంటే కొడతా."

ఆపైన, ఏరు దాటాక
ఆ రాజు బొమ్మ ఉన్న వరహా చెల్లదన్నాను.
నోట్ల రద్దప్పుడు బ్యాంకు ముందు
ఎండలో మూడు గంటలు నిలబడ్డ మనిషిని,
ఈ ఎత్తు నాకెవరూ నేర్పక్కర్లేదు.
మెర్వ్ అరిచాడు. థ్వీ చిప్స్ నమలడం ఆపింది.
మిగిలినవి మూడు కాసులు. బయట వాన.

అప్పుడు నోరు విప్పింది టీగన్,
బేకరీలో రాత్రి డ్యూటీకి పోయే పిల్ల,
ఆర్నెల్లలో ఆరు మాటలు ఆడిందేమో.
ముందు నిన్నటి రొట్టె ధర అడిగింది.
గది అడగలేదు, కొట్టం అడిగింది.
"పొద్దున్నే నీళ్లు తోడతాం,
గాడిద పక్కన పడుకుంటాం, అది వెచ్చగా ఉంటుంది.
ఒక కాసు ఇప్పుడు, ఒకటి వెళ్లేటప్పుడు."
మూడోది బూటులో దాచింది.

పాచిక వెయ్యమని అడగడం మర్చిపోయాను.
సత్రం ముసలమ్మ సరేనంది.
"ఎక్కడ నేర్చావివన్నీ?" అన్నాడు మెర్వ్.
"గీలాంగ్‌లో. ఓ ఏడాది,"
అని చిప్స్ సంచీ తనవైపు లాక్కుంది.
హీటర్ చప్పుడొక్కటే కాసేపు.

ఆ రాత్రి ఒక్క రాక్షసుడూ చావలేదు.
పదకొండున్నర దాటినా ఎవరూ కోట్లు తొడుక్కోలేదు.

నిన్న వంతెన కింద ఓ దొంగ అడ్డుపడి చచ్చాడు.
జేబు వెతికారు.
అర ఉల్లిపాయ, సూదీ దారం, ఓ చిల్లిగవ్వ.
"గవ్వకెంతొస్తుంది?"
ఏమీ రాదన్నాను.
అసలేమీ లేకపోతే మా భాషలో
అది కూడా లేదంటామన్నాను.

టీగన్ తన కాగితం మీద, బంగారం అన్న గడిలో,
సున్నా చెరిపి
చిల్లిగవ్వ ఒకటి అని రాసుకుంది.

"చెప్పులు?" అన్నాడు మెర్వ్, గొంతు తగ్గించి.
"వాడి కాళ్లకే ఉండనీ," అంది థ్వీ.

సరే అన్నాడు. పెద్దమనిషి,
మాట మీద నిలబడ్డాడు కూడా.
కాకపోతే, అదిగో,
వంతెన పలకలు లెక్కపెడుతున్నాడు.