బొమ్మ వెనక

రాయపేటలో మాది ఫ్రేముల కొట్టు.
పాత బొమ్మకి చెద తిన్న అట్ట ఊడదీస్తే
వెనక, మడతపెట్టిన ఇన్‌లాండు లెటరు.

"తిలోత్తమా,
ఇవాళ రాయి నా మాట వినలేదు.
సుత్తి జారి బొటనవేలు చితికింది,
అక్షరాలు కుంటితే నవ్వకు.
నువ్వడిగిన కావిరంగు
మౌంట్ రోడ్డంతా తిరిగినా లేదు."

తర్వాత ఒక మాట కొట్టేసి ఉంది.
ట్యూబులైటుకి ఎత్తి చూశాను:
'వచ్చెయ్.'
దాని పైన, బుద్ధిగా, 'వీలైతే రా.'

యాభై ఏళ్ల ఉప్పుగాలికి సిరా అంతా వెలిసింది,
ఆ కొట్టివేత తప్ప.

అంచున ఆమె పెన్సిలు గీతలు:
బొటనవేలు, నల్లబడ్డ గోరుతో సహా.
గోరు నల్లబడటానికి రెండ్రోజులు పడుతుంది,
నాకు తెలుసు.
అంటే, వెళ్లింది.

ఉత్తరాన్ని ఉన్నచోటే ఉంచి
కొత్త అట్ట వేసి మేకులు కొట్టాను,
నా వేలు చూసుకుంటూ.