నీళ్లు పడ్డయా

మా దిక్కు సబ్‌మెర్సిబుల్ అంటే
మనిషి కూసుండేది కాదు.
ఆరించుల కేసింగుల దిగే సన్నటి ఇనుప చేప,
కడుపుల రాగితీగె,
తలకాయకు నల్ల కేబులు.
కాలిపోయి వస్తే విప్పుత,
మాడిన తీగె పీకి కొత్తది చుట్టుత,
కొండమల్లేపల్లి చౌరస్తాల ఇరవై ఒక్క ఏండ్లాయె.

అందుకే ఆ పొద్దు
ఎదురుంగ గౌస్ హోటల్ టీవీల
'సబ్‌మెర్సిబుల్ ముక్కలు పైకి తీసిన్రు' అనంగనె
నా దుకాణమంత అటు తిరిగింది.
"ఎన్ని ఫీట్లల్ల పడ్డదంట?" అన్నడు బాల్యా నాయక్.
"పన్నెండు వేలు దాటినయంట."
"గంత లోతుకు పోయిన్రు, మరి నీళ్లు పడ్డయా?"

ఆ మాట నేనే అన్న.
అందరు నవ్విన్రు.
గౌస్ చాయ్ వడగట్టుకుంటనే నవ్విండు.
నాకు గూడ బాగనె అనిపించింది.

తెర మీద ఓడ, ఓడ మీద క్రేను.
తెల్లటి బెల్టులల్ల పండవెట్టి
పసిపిల్లను దించినట్టు దించుతున్నరు
బోనం కుండ మూతంత గుండ్రటి ఇనుము,
కాదు, దానికి వంద రెట్లు,
దాని ఎనక చినిగిన రేకు,
రేకుల నుంచి ఏలాడే వైర్లు.
ఎర్రది, పసుపుది, నీలంది.
మా త్రీఫేజు రంగులే.

ఇగ ఎవని నోరు వానిది.
"ఆ టికెటు పైసలతోని డిండి కాలువ కింద
ఇరవై ఎకరాలు కొనొచ్చు."
"బలుపు," అన్నడొకడు, ఎరువుబస్తా మీద కూసోని,
అంత పెద్ద సముద్రానికి ఒక్క మాట.
"ఒకాయనకు మొన్ననే పెండ్లయ్యిందంట, పాపం."
"పాపమేంది, సంతకం పెట్టే ఎక్కిండు గద."
బోరుబండి మురుగేశన్,
తిరుచెంగోడు మనిషి, మన మాట సగమే వస్తది,
లేచిపోయి టీవీకి ముక్కు ఆనిచ్చి
"జాయింటు... జాయింటు" అన్నడు.
ఇంకేం అనలే.
చాయ్ సగంల పెట్టి పోయిండు.
గౌస్ బిడ్డ షాహీన్ ఇంటర్ చదువుతది.
"రెప్ప కొట్టేంత సేపు గూడ పట్టదు,
వాళ్లకు తెల్వనే తెల్వదు" అన్నది.
"అట్లనన్న మంచిదాయె" అన్నరెవరో.
ఎవరికి మంచిదో చెప్పలే.

అప్పుడు చూసిన ఈదమ్మను.
నా దుకాణం గడప కింద
కాలిన మోటరు పక్కన గోనెపట్ట మీద,
తను గూడ టీవీ దిక్కే చూస్తున్నది.

ఐదేండ్ల కింద
వాళ్ల వెంకులు పాతబావిల దిగిండు,
జారిపడ్డ మోటరు తీస్తనని.
ఒడ్డు కూలింది.
రెండు పొద్దులు ప్రొక్లైను తవ్వింది.
మొదలు స్టార్టరు డబ్బా వచ్చింది.
తర్వాత ఫుట్‌వాలు.
తర్వాత సుతిలి కట్టిన చెప్పు, ఒక్కటే.
ఒక్కొక్కటి పైకి రాంగ
గడ్డ మీద మేమంత 'అగో, అగో' అన్నం.
ఫోన్లు పైకి లేపినం.
బజ్జీల బండి గూడ వచ్చింది ఆ బాటకు.
తాగి దిగిండంట, అన్నడొకడు.
ఎవడు దిగుమన్నడు, అన్నడింకొకడు.
ఎవడో వంగి చూసి
ప్రొక్లైను డ్రైవర్ని అడిగిండు,
ఏమన్నా, నీళ్లు పడ్డయా, అని.

ఆ గొంతు గిప్పుడు యాదికొచ్చింది.
నాదే.

ఈదమ్మకు యాదుందో లేదో.
టీవీల బెల్టులనే చూసుకుంట
"మెత్తగున్నయ్ అవి. మంచియి.
మనకాడ గొలుసు కట్టిన్రు" అన్నది.
కొంచెం సేపయినంక
"మోటరెప్పుడిస్తవ్? నారు ఎండుతున్నది."

"పొద్దూకేవరకు" అన్న.

లోపలికి పోయి స్టేటరు ఒళ్లె పెట్టుకున్న.
ఎదురుంగ పత్తి ధర ముచ్చట వడ్డది,
జనం కుర్చీలు మళ్ల జరుపుకున్నరు.
ఒక్క కాయిలుకు ముప్పై రెండు చుట్లు.
పంతొమ్మిది కాడ లెక్క తప్పిన.
విప్పి,
మళ్ల ఒకటి నుంచి.