రానూపోనూ

జనవరి మంచుతుఫానుకి యాంటెన్నా విరిగిపడింది.
అప్పట్నించీ లావా బీడులో ఏడో నంబరు కేంద్రం
ఉపగ్రహాన్ని వదిలేసి
అకురేరిలో మా గదిని అడుగుతోంది:
టైమెంత?

చెబుతాం.
చెప్పిన మాట తీగ వెంట నడిచి చేరేసరికి
చద్దిదైపోతుంది.
ఆ సంగతి దానికీ తెలుసు, అందుకే
రానూపోనూ పట్టిన కాలాన్ని కొలిచి
సగానికి విరిచి
ఆ సగం కలుపుకుని నిశ్చింతగా ఉంటుంది.
పోయిన దారీ వచ్చిన దారీ ఒకే పొడవని
ఎవరు చెప్పారో!
ఎద్దు ఈనిందంటే
దూడని కట్టెయ్యమనే రకం.

మార్చిలో చిన్న చిన్న కంపాలు.
మ్యాపు మీద ఎర్రచుక్కలు
వరసగా హ్యోర్లేవుర్ గొర్రెలదొడ్డి కింద పడ్డాయి.
ఆయన ఫోన్ చేశాడు.
"పగులు ఏటికి అవతల కదమ్మా.
మంచు ఏటేటా అక్కడే ముందు కరుగుతుంది.
నా గొర్రెలు వెళ్ళి పడుకునేదీ అక్కడే.
వాటికి తెలిసింది మీ మిషన్లకి తెలీదా?"

మేం నవ్వాం.
సోల్రున్ నవ్వలేదు.

మర్నాడు రుబీడియం గడియారాన్ని
జీపు ముందుసీట్లో కూర్చోబెట్టి
సీటుబెల్టు పెట్టి
తొంభై కిలోమీటర్లు తీసుకెళ్ళింది,
పసిపిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నట్టు.

రెండు గడియారాల్నీ పక్కపక్కన పెడితే
బయటపడింది.
ప్రశ్న కొత్త కేబుల్లో పోతోంది, పది మిల్లీసెకన్లు.
జవాబు పాత రేడియో స్తంభాల మీద
ఆగుతూ ఆగుతూ వస్తోంది, తొంభై.
నూరులో సగం యాభై అనుకుంది పాపం.
నలభై వెనకబడింది.

నలభై మిల్లీసెకన్లు.
రెప్ప సగం కూడా వాలదు.
రాతిలో అల మాత్రం ఆ లోపు
రెండువందల నలభై మీటర్లు పరుగెత్తి
ఏరు దాటేస్తుంది.

ముల్లుని ఒక్కసారి ముందుకి తోసెయ్యొచ్చు.
తోస్తే మధ్యలో సందు పడుతుంది,
భూమి ఆ సందులోనే కదిలితే?
అందుకని సెకనుకి అర మిల్లీసెకను చొప్పున
నడక పెంచింది.
ఎనభై సెకన్లు.
గ్లౌజులు తీసేసిన చేతులు చంకల్లో దోపుకుని
అక్కడే నిలబడింది.

తిరుగుదారిలో హ్యోర్లేవుర్ కాఫీకి పిలిచాడు.
వంటింటి గోడగడియారం ఏడు నిమిషాలు ముందుంది.
అడక్కుండానే చెప్పాడు:
"మనవరాలి స్కూలు బస్సు కోసం పెట్టింది."

ఆ పిల్లకిప్పుడు ఇరవై రెండేళ్ళు.

సోల్రున్ దాన్ని ముట్టుకోలేదు.