ఏడో వాక్యం

ఆ రాత్రి నరకాన్ని తీసేశాం.
పదిహేడు చేతులు లేచాయి, పదకొండు లేవలేదు.
లెక్క రాసింది నేనే,
ఈ వేల్స్ లోయలో, ఈ చాపెల్‌కి
ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాని.
బయట మార్చి నెల వాన.
మబ్బులోంచి తెల్లగా బయల్దేరి
మా కిటికీ చేరేసరికి బొగ్గు రంగు.

పాస్టరు ప్రోబర్ట్ మంచివాడు.
మూడేళ్ళు చదివి చదివి కళ్ళు పాడుచేసుకున్నాడు.
"దేవుడు ప్రేమే అయితే
ఆరని మంటకి కట్టెలెవరు వేస్తున్నారు?" అన్నాడు.
గొంతు వణికింది. మాలో కొందరం ఏడ్చాం.
చిన్నప్పుడు మా నాన్న
నా వేలు పట్టుకుని కొవ్వొత్తి మీద పెట్టి
"ఇది ఒక్క క్షణం, అక్కడ ఎప్పటికీ" అన్నాడు.
ఆ వేలితోనే కలం పట్టి
"దుష్టులు నిత్యాగ్నిలో" అన్న ఏడో వాక్యం మీద
ఈ చివర నుంచి ఆ చివరకి గీత లాగాను.
దాచడమెందుకు, హాయిగా ఉండింది.

అప్పుడు వెనక బల్లలోంచి మోర్విత్ లేచింది.
ఆడవాళ్ళకి ఓటు లేదు.
లేవడానికి మాత్రం ఎవర్నీ అడగలేదు.
చేతుల్లో తడి శాలువా, పిండుతూనే ఉంది.

"అయితే ట్రెహెర్న్ దొర ఇప్పుడెక్కడున్నాడు?"

వాన చప్పుడు.

"గాలికి రెండో బావి తవ్వించమంటే
వచ్చే ఏడాది అన్నాడు.
ఆరుసార్లు వచ్చింది ఆ వచ్చే ఏడాది.
నలభై ముగ్గురు. అందులో ఇద్దరు నా వాళ్ళు.
దొర ఎనభై ఒకటో ఏట
ఈకల పరుపు మీద, కోడి సూపు తాగి పోయాడు.
ఏ కోర్టూ పిలవలేదు.
పిలిచేది ఆ ఒక్క వాక్యమే.
మీకు బరువు దిగింది, అయ్యగారూ.
నాది ఎక్కడ దించుకోను?"

ప్రోబర్ట్‌కి గ్రీకు వచ్చు, హీబ్రూ వచ్చు.
నోరు తెరిచి, మూసుకున్నాడు.

"మంట నాకూ వద్దు.
మా వాళ్ళని పైకి తెచ్చినప్పుడు
బూట్లని బట్టి గుర్తుపట్టినదాన్ని.
ఆ వాసన దొరకి కూడా వద్దు.
అతను దిగాలి, అంతే.
ఒక్క దీపంతో, ఆ గనిలోకి.
ఒక్కో పేరూ పెట్టి పిలవాలి.
అతనికి కూలి పుస్తకంలో అంకెలే తెలుసు,
ముందు పేర్లు నేర్చుకోవాలి.
ఆఖరివాడు మా చిన్నాడు, పదేళ్ళు.
చీకట్లో కూర్చుని బండ్లకి తలుపు తీసే పని.
వాడికి బిడియం, మొదటి పిలుపుకి పలకడు.
వాడు పలికేదాకా దొర పైకి రాకూడదు.
పలికాక, వాడే తలుపు తీస్తాడు.
వాడికి వచ్చిన పని అదే కదా."

కూర్చుంది.
ఎవరో ప్రార్థన మొదలెట్టారు, ఎవరో మధ్యలో ఆపేశారు.

అందరూ వెళ్ళాక
గీత పక్కన ఖాళీలో ఆమె మాటలు రాశాను.
పెద్దల సభ ఆధారవచనం అడుగుతుంది, తెలుసు.
అడిగితే చూపడానికి
కింద నలభై మూడు పేర్లు మొదలెట్టాను.
నలభై రెండు రాశాక కలం ఆగింది.

గనిలో అందరూ తలుపు కుర్రాడనే అనేవాళ్ళు.
నేనూ అంతే.
బాప్తిస్మాల పుస్తకం బీరువాలోనే ఉంది,
నా చేతిరాతే.
తీసి చూడబుద్ధి కాలేదు.

దీపం పట్టుకుని
వానలో ఆమె ఇంటివైపు దిగాను.