లింకు దస్తావేజులు లేని వాన

రిజిస్ట్రారాఫీసు ఎదురుగా నా రేకుల కింద
అందరం ఇరుక్కున్నాం.
వాన మొదలై గంట,
సర్వర్ పడిపోయి రెండు గంటలు.
స్టాంపు కాగితాల మీద ప్లాస్టిక్ కప్పి
దాని మీద స్టేప్లరూ, టీ గ్లాసూ, నా మోచెయ్యీ పెట్టాను.
వీధి నాగావళికి తమ్ముడిలా పారుతోంది.

వరాహమూర్తి మాస్టారు గొడుగు దులిపి
"రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అన్నారు,
ముప్పయ్యేళ్లు పదో తరగతికి వినిపించిన గొంతుతో.

"పిల్లులేంటి సార్, కుక్కలేంటి?"
నరసన్నపేట నుంచి
అమ్మమ్మ వాటా రాయించుకోడానికొచ్చిన కుర్రాడు.

అంతే, మొదలైంది.

ఆ దేశంలోనూ ఒకప్పుడు పూరిళ్లేనట.
చలికి పిల్లీ కుక్కా కప్పుగడ్డిలో దూరి పడుకునేవట,
పెద్దవానకి జారి వీధిలో పడేవట.
"పిల్లి సరే, కుక్కకి నిచ్చెనేసిందెవరు మాస్టారూ?"
అన్నాడు స్టాంపుల ఖలీలుల్లా.
అతనెక్కడో చదివాడు, అది గ్రీకు మాట,
కాటా డాక్సా, నమ్మలేనంత అని అర్థం,
నోళ్లలో నాని నాని పిల్లైపోయింది.
"గ్రీకువాడొచ్చి లండన్ వానకి పేరు పెట్టాడా?"
మాస్టారికి కోపమొచ్చింది.
కుర్రాడు ఫోన్ తీసి
ఉత్తరదేశాల గాలిదేవుడి కుక్కలంటూ, మంత్రగత్తెల పిల్లులంటూ
చదువుతూండగా సిగ్నల్ పోయింది.

నాకు అలవాటైన పని, హద్దులు రాసుకున్నాను:
తూర్పు, గ్రీకు సముద్రం.
పడమర, పూరికప్పు.
ఉత్తరం, మంత్రగత్తె.
దక్షిణం రాయడానికేమీ దొరకలేదు.
ఇంతమంది హక్కుదార్లు,
ఒక్కరి దగ్గరా లింకు దస్తావేజు లేదు.

"మరి మన కుండపోతలో కుండ ఎవరిది?" అన్నాను.
టీ చల్లారింది గానీ ఎవరూ పలకలేదు.

మెట్టు మీద నెత్తికి గోనె కప్పుకుని
కాలువ తియ్యడానికి వాన తగ్గాలని చూస్తున్న
మున్సిపాలిటీ దాలమ్మ తల తిప్పింది.
"ఏటి బావూ, కుక్కలూ పిల్లులూ అంటన్నారు?"
మాస్టారు తెలుగులో విడమర్చి చెప్పారు.
ఆమె నవ్వలేదు.

"ఆకాశంలోంచి పడవు బావూ. కాలవలోంచి వొస్తాయి.
తుపాను ఎల్లిపోనాక మర్నాడు నానే తీసినాను.
గుజరాతీపేట మలుపుకాడ మూడు కుక్కలు, ఒక పిల్లి.
పిల్లి మెడకి ఎర్రదారం ఉంది,
ఎవులో పెంచుకున్నారు గావాల.
మేడ మీంచి ఒకాయన సూసి
'పైనుంచి రాలినట్టున్నాయే' అన్నాడు.
కిందకి దిగినేదు."

"అవును, అలాంటి వాదన కూడా ఒకటుంది," అన్నారు మాస్టారు,
"పాత ఊళ్లలో మురుగు పొంగితే..."
ఆగిపోయి
గొడుగు కొన వైపు చూసుకున్నారు.
రేకు మీద చప్పుడు మాత్రం
ఏ భాషా కాకుండా సాగింది.

సర్వర్ లేచింది. పేర్లు పిలుస్తున్నారు.
కుర్రాడి రెండో సాక్షి ఆమదాలవలస దగ్గర
బస్సులో చిక్కుకుపోయాడు.
"దాలమ్మా, ఆధార్ కార్డుందా? సాక్షి సంతకం పెడతావా?"

"సంతకం రాదు బావూ, ఏలిముద్ర ఏస్తాను.
నాను సూసిందేనా రాసినావు?"

"కాదు. ఇది వేరే ఆస్తి."

"అదీ రాసుకో ఎక్కడో," అని
గోనె సంచీ పక్కన పెట్టి వచ్చింది.
తడి వేలికి సిరా అంటలేదు.
చెంగుతో తుడుచుకుని
మళ్లీ చాపింది.